డాలరు తెలుగు, మీటరు తెలుగు

టెక్సాస్‌లో, డాలస్ శివారున ఫ్రిస్కో అని ఒక ఊరుంది. ఎక్కడుందో మీకు చెప్పనక్కర్లేదు. మీ పిన్ని కొడుకో, బావమరిదో అక్కడే ఉండి ఉంటాడు. లేకపోయినా ఉన్నాడని చెప్పుకుంటూ ఉంటారు. 1990లో ఆ ఊరి జనం ఆరు వేల చిల్లర. 2020 నాటికి రెండు లక్షలు దాటారు. అక్కడ సగానికి సగం ఇళ్ళ ఏడాది రాబడి లక్షా నలభై వేల డాలర్లకు పైమాటే. హనుమంతుడి గుడి వెలిసింది. గుడి పక్కన గోంగూర వెలిసింది. ఆ పక్కన సంఘం, సంఘం కడుపున చీలిక. ఒకప్పుడు ఎక్కువమంది తెల్లవాళ్ళే ఉన్న శివారులో ఇవాళ సంక్రాంతి ముగ్గులు. మన పత్రికలు మురిసి ముక్కలవుతున్నాయి. 'ఫ్రిస్కోలో తెలుగు వెలుగు.' ఫుల్ పేజీ. రంగుల్లో.

ఇంకో ఊరుంది. పేరు సూరత్. 1961లో జనం 2 లక్షల 88 వేలు. 2011లో 44 లక్షల 67 వేలు. యాభై ఏళ్ళలో పదిహేను రెట్లు. ఆ ఊళ్ళో సలాబత్‌పురా అని ఒక పేట. పాత నేత పేట. అక్కడి నుంచి లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా దాకా మన పద్మశాలీలు పరుచుకుని ఉన్నారు. వరంగల్ వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, నల్లగొండ వాళ్ళు. మార్కండేయుడికి గుడి కట్టుకున్నారు. బతుకమ్మ ఆడుతున్నారు. తాతలు పోయారు, తండ్రులు పోయారు, మనవలు సాంచెల (మరమగ్గాల) దగ్గరే ఉన్నారు.

ఏ పత్రికలో చదివారు? ఏ టీవీలో చూశారు? మీ ఇంట్లో ఎవరికి తెలుసు?

బీరువాలోని చీరకు తెలుసు. దాన్ని అడగండి.

విమానం ఎక్కినవాడు ప్రవాసి. జనరల్ బోగీ ఎక్కినవాడు వలస కూలీ. మొదటివాడికి జనవరి 9న దివస్. రెండోవాడికి 365 రోజులూ దినం. మొదటివాడు పది వేల మైళ్ళు పోయినా 'మనవాడు'. రెండోవాడు ఒక రాత్రి, ఒక పూట రైలు దూరం పోతే మనవాడు కాకుండా పోయాడు. తెలుగుతనం దూరాన్ని బట్టి ఉంటుందనుకునేవాణ్ణి. కాదట. మారకం రేటును బట్టి ఉంటుందట.

అమెరికా శివార్ల జనాభా మారితే దానికి పరిశోధకులున్నారు, పటాలున్నాయి, రంగురంగుల గీతలున్నాయి. ఎవరొచ్చారు, ఎంత తెచ్చారు, ఇంటి ధర ఎంత ఎక్కింది, బడిలో ఎందరు పిల్లలు. అన్నీ లెక్కే. మన దగ్గర? 2011 తర్వాత జనగణనే జరగలేదు. 2021లో జరగాల్సింది 2027 దాకా జరిగింది. జరగడమంటే తేదీ జరిగింది. ఈ మధ్యలో పుట్టిన పిల్లలు హైస్కూలు మెట్లెక్కేశారు. సర్కారు పుస్తకంలో మాత్రం వాళ్ళింకా పుట్టలేదు.

అయినా ఆ పాత లెక్క కూడా ఓ మాట చెప్పింది. 2011లో సూరత్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 787 మంది ఆడవాళ్ళు. ఎందుకలా? గుజరాత్‌లో ఆడపిల్లల తక్కువతనం ఒక పాపం. రెండోది ఇంకా మామూలు సంగతి. మగవాడు పనికొచ్చాడు, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉండిపోయారు. గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్ళు, ఖాన్‌దేశ్ మరాఠీలు, యూపీ, బిహార్ వాళ్ళు, మనవాళ్ళు. ఒక్కో గదిలో రెండు షిఫ్టుల జనం. పగటివాడు లేచిన చాప మీద రాత్రివాడు వాలతాడు. చాప ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. జనసాంద్రత అంటే ఏమిటో భూగోళం పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. ఆ చాపను తాకితే చాలు.

ఫ్రిస్కోకూ సూరత్‌కూ తేడా ఇక్కడుంది. అక్కడ కొత్తగా వచ్చినవాడు ఊరి రాబడి పెంచాడు, తన రాబడీ పెరిగింది. ఇక్కడ వచ్చినవాడు ఊరి రాబడే పెంచాడు. తనది ఇప్పటికీ మీటర్లలో కొలుస్తున్నారు.

అవును, మీటర్లలోనే. నెల జీతం కాదు. నేసిన గుడ్డ ఎన్ని మీటర్లో అంత కూలి. మీటరుకు రూపాయి, రెండు రూపాయల లెక్క. పన్నెండు గంటల షిఫ్టు. చెవుల్లో వంద డెసిబెల్స్ దాటిన మోత. కరెంటు పోతే కూలి పోయింది. బీము మీది నూలు అయిపోతే కూలి పోయింది. సేఠ్‌కు ఆర్డరు రాకపోతే కూలి పోయింది. ధర పెరిగినప్పుడు మాత్రం సేఠ్‌కు చెవుడొస్తుంది. సాంచెల మధ్య తిరిగేది కార్మికుడు, చెవుడొచ్చేది సేఠ్‌కు. చూశారా విచిత్రం?

ఇంకో లెక్క చెబుతాను. 2015 ఫిబ్రవరిలో ఇదే సూరత్‌లో ఒక సూటును వేలం వేశారు. ప్రధానమంత్రి గారు ఒబామాతో భేటీకి వేసుకున్న సూటు. చారల నిండా ఆయన పేరే. ఓ వజ్రాల వ్యాపారి 4 కోట్ల 31 లక్షలకు పాడుకున్నాడు. గంగ శుద్ధి కోసమన్నారు. మంచిదే. మీటరుకు రెండు రూపాయల చొప్పున ఆ డబ్బు సంపాదించాలంటే నేతగాడు ఎంత నేయాలి? రెండు కోట్ల పదిహేను లక్షల మీటర్లు. అంటే ఇరవై ఒక్క వేల కిలోమీటర్ల పైచిలుకు గుడ్డ. భూమి నడుముకు చుడితే సగం చుట్టు దాటిపోతుంది. ఒక్క సూటు కోసం. అందులో ప్యాంటు కూడా ఉందిలెండి, అన్యాయంగా మాట్లాడకూడదు.

ఇంతకీ సలాబత్‌పురా జనాభా ఎలా మారింది? ముందు ఖత్రీలు నేశారు. రాణాలు జరీ తీశారు. ముస్లిం నేతగాళ్ళు నేశారు. తర్వాత చేతిమగ్గం పోయి సాంచె వచ్చింది. సాంచెతో పాటు మనవాళ్ళు వచ్చారు. రింగ్ రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట మార్కెట్లు లేచాయి. వందకు పైగా భవనాలు, వేలకు వేలు దుకాణాలు. రాజస్థాన్ వ్యాపారి గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇళ్ళ కింది భాగాలు గోదాములయ్యాయి. పై భాగాలు గోదాములయ్యాయి. మధ్యలో మనుషులున్నారు. అగ్గి పడితే మాత్రం తేడా ఉండదు. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు మీది శివశక్తి మార్కెట్ తగలబడింది. వందల దుకాణాలు బూడిద. 2019 మేలో సర్థానాలో తక్షశిల కాంప్లెక్స్ తగలబడి 22 మంది ట్యూషన్ పిల్లలు చనిపోయారు. ప్రతి మంట తర్వాత నోటీసులు. నోటీసులకు మాత్రం ఎప్పుడూ మంటలంటుకోవు, గమనించారా?

సేఠ్‌లు ఎటు పోయారు? ఘోడ్‌దోడ్ రోడ్డుకు. అక్కణ్ణుంచి సిటీలైట్‌కు. అక్కణ్ణుంచి వేసుకు. వేసు అంటే సూరత్‌లో వెలసిన అమెరికా అన్నమాట. అద్దాల మేడలు, గేట్లు, గేటు ముందు సెల్యూట్లు. అక్కడికి మనవాడు పోడా? పోతాడు. సెల్యూట్ కొట్టేది మనవాడు కావచ్చు. వాళ్ళావిడ పైన అంట్లు తోముతుండవచ్చు. డబ్బు వేసుకు పోయింది. పొగ పాండేసరాకూ సచిన్‌కూ పోయింది. 2022 జనవరిలో సచిన్ పారిశ్రామికవాడలో ఎవరో ట్యాంకరులోంచి రసాయనాన్ని కాలువలోకి వదిలితే, ఊపిరాడక ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్ళు వేసులో ఉండే రకం కాదు.

ఆ వేసుకు దగ్గర్లోనే, ఖజోద్‌లో వజ్రాల బూర్స్ (వ్యాపార కేంద్రం) కట్టారు. 67 లక్షల చదరపు అడుగులు. అమెరికావాడి పెంటగాన్‌ను మించింది. నాలుగున్నర వేల ఆఫీసులు. 2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించారు. దేశమంతా చంకలు గుద్దుకుంది. తర్వాత? తలుపులకు తాళాలే తాళాలు. అట్టహాసంగా ముంబై నుంచి దిగిన పెద్ద కంపెనీయే కొన్ని వారాలకు మళ్ళీ ముంబై దారి పట్టింది. గదుల్లో పావురాలు కూడా లేవు, ఏసీ కట్టేశారని అలిగి ఉంటాయి. వజ్రాల ధర పడిపోయింది, సానపట్టేవాడి చేతిలో పని పోయింది, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆఫీసులు చాలావరకు ఖాళీ. గదిలో పన్నెండు మంది ఇరుక్కున్న లింబాయత్‌లో ఒక్క చాప కూడా ఖాళీ లేదు. ఎవరైనా ఈ రెండు సంగతులూ ఒకే కాగితం మీద రాశారా? రాయరు. ఒకటి అభివృద్ధి శాఖ. రెండోది మురికివాడల శాఖ. ఫైళ్ళకు కూడా అంటు, ముట్టు ఉంటాయి.

అన్యాయంగా మాట్లాడకూడదన్నాను కదా. సూరత్ శుభ్రమైన ఊరే. 1994 సెప్టెంబరులో ప్లేగు అన్న మాట వినగానే లక్షలమంది రైళ్ళెక్కి పారిపోయిన ఊరు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు గారు మునిసిపల్ కమిషనరుగా వచ్చి చీపురు పట్టించారు. పేరు చివర రావు ఉందని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. భేష్. కానీ వానాకాలం వచ్చిందంటే మీఠీ ఖాడీ పొంగుతుంది. పొంగి ఎటు పోతుంది? వేసు వైపు పోదు. దానికీ చిరునామాలు తెలుసు. లింబాయత్, పర్వత్ గామ్ ఇళ్ళలోకి వస్తుంది. మొదటి బహుమతి గోడ మీద వేలాడుతుంటుంది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి దాన్ని చదువుకోవచ్చు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ గేట్లెత్తి దాదాపు ఊరు మొత్తాన్నీ ముంచారు. ఆ ఒక్కసారి మాత్రం సేఠ్‌కూ సాంచెకూ సమానత్వం సిద్ధించింది. నాలుగు రోజులు.

ఇప్పుడు అసలు ముచ్చట. జనాభా మార్పు.

గుజరాత్‌లో 1991 నాటి చట్టం ఒకటుంది. జనం నోట 'అశాంత ధారో'. కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోట మీ ఇల్లు మీరు అమ్ముకోవాలన్నా కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్లలో బెదిరించి కారుచౌకగా ఇళ్ళు లాక్కోకుండా ఆపడానికి అన్నారు. పైకి మంచి ఉద్దేశమే. 2019లో దాన్ని సవరించారు. ఒక మతంవాళ్ళు ఒకచోట 'సరికాని రీతిలో గుమిగూడటం', 'జనాభా సమతుల్యం దెబ్బతినడం' అనే మాటలు చట్టంలోకి ఎక్కాయి. తప్పు చేస్తే మూడు నుంచి ఐదేళ్ళ జైలు. 2021లో హైకోర్టు అడ్డం పడితే కొంత ఆగింది. సూరత్ పాత బస్తీ పేటల్లో ఇల్లు అమ్మబోయినవాణ్ణి అడగండి, చెబుతాడు ఎన్ని మెట్లెక్కాడో, కొనేవాడి పేరు విని ఎంతమంది కనుబొమలెత్తారో.

జనాభా సమతుల్యమట! ఎంత అందమైన మాట! వేసులో అందరూ కోటీశ్వరులే గుమిగూడితే అది సరైన రీతి. లింబాయత్‌లో అందరూ కూలీలే గుమిగూడితే అదీ సరైన రీతే. రెండు పేర్లవాళ్ళు ఒకే మెట్ల మీద ఎదురుపడితేనా, సమతుల్యం తలకిందులు!

దీనికి మనవాళ్ళలో చప్పట్లు కొట్టినవాళ్ళు లేరా? ఉన్నారు. ఫ్రిస్కోలో కూర్చుని మరీ కొట్టారు. అదే ఫ్రిస్కోలో పక్కింటి తెల్లాయన 'మా పేట రంగు మారిపోతోంది' అని గొణిగితే మాత్రం జాతి వివక్ష. నిజమే, వివక్షే. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను 'నా దేశం వదిలి పో' అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. మనమందరం ఏడ్చాం. ఏడవాల్సిందే. 2022లో టెక్సాస్‌లోనే ప్లేనోలో నలుగురు భారత సంతతి ఆడవాళ్ళ మీద ఒకావిడ విరుచుకుపడితే వీడియో చూసి వణికాం. వణకాల్సిందే. ఆ కన్నీళ్ళు ఆరకముందే హైదరాబాద్‌లో మన ఫ్లాటుకు 'టు లెట్' బోర్డు తగిలించాం. కింద చిన్న అక్షరాలు: 'శాకాహారులకు మాత్రమే.' ఇంకా చిన్న అక్షరాలు ఫోన్లో: 'మీరేమిట్లు?'

ఈ సమతుల్యం జబ్బు అట్లాంటిక్ దాటినా తగ్గలేదు. సంఘాలు పుట్టాయి. సంఘాలకు కులాలు పుట్టాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది. ఎవరి కోసం? నార్వేవాళ్ళ కోసమా?

2025 సెప్టెంబరులో ట్రంప్ హెచ్1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం అనగానే మన టీవీ స్టూడియోలకు ఆ రాత్రి నిద్ర లేదు. యాంకర్ గొంతు పూడుకుపోయింది. విమానం ఎక్కి కూడా దిగిపోయినవాళ్ళ కథలు, పెళ్ళిళ్ళు ఆగిన కథలు. మంచిది, చెప్పండి. 2020 ఏప్రిల్ 10 రాత్రి గుర్తుందా? లాక్‌డౌన్‌లో ఉన్న సూరత్‌లో వందలమంది కార్మికులు రోడ్డెక్కి 'మా కూలి ఇవ్వండి, మమ్మల్ని ఇంటికి పంపండి' అన్నారు. వాళ్ళ మీద కేసులు పెట్టారు. ఆ రాత్రి మన స్టూడియోల్లో ఏం చర్చ జరిగింది? పళ్ళెం ఏ కోణంలో కొడితే వైరస్ చస్తుందోనని.

సలాబత్‌పురాలో టీ బంకు దగ్గర ఓ పెద్దాయన కలిశాడు. వరంగల్ పక్క ఊరు. చెవులు సాంచెలకు ఇచ్చేశాడు. గట్టిగా మాట్లాడాలి. హైదరాబాద్ నుంచి వచ్చానంటే ఎగాదిగా చూశాడు.

"హైదరాబాద్ నుంచా సారూ? ఎందుకొచ్చినవ్? ఓట్లున్నయా?"

ఓట్లు లేవన్నాను.

"మరి పైసలడగనీకి వచ్చినవా?"

అదీ కాదన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. ఈ రెండూ కాకుండా తెలుగువాడు తెలుగువాణ్ణి వెతుక్కుంటూ సూరత్ దాకా రావడం ఆయన ఎరగడు. నేను మాత్రం ఎరుగుదునా?

ఓటు ముచ్చట వచ్చింది కనుక అదీ చెప్పుకోవాలి. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషను తిరస్కరించారు. మిగతావాళ్ళు వరసగా తప్పుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి పోటీ లేకుండా గెలిచాడు. వేలి మీద సిరా చుక్క కూడా పడలేదు. దేశంలో అందరూ జనాభా మార్పు గురించి భయపడుతుంటే, సూరత్ ఓ చక్కని దారి చూపించింది. జనాభా ఎంతైనా మారనీ, ఓటే అక్కర్లేకపోతే గొడవేముంది?

ఇక మన సర్కార్ల గొప్పలకు వద్దాం. నవ్వు ఆపుకుని చదవండి.

2017 సెప్టెంబరు. తెలంగాణ సర్కారు ఆడపడుచులకు బతుకమ్మ చీరలు పంచింది. కోటికి పైగా. నేతన్నకు పని దొరుకుతుందన్నారు. పని దొరికింది. సిరిసిల్ల సాంచెలకు సగం. మిగతా సగం చీరలు ఎక్కణ్ణుంచి తెచ్చారు? సూరత్ నుంచి. టైము చాలలేదట. పండగ హఠాత్తుగా వచ్చిందట. బతుకమ్మ ఏ నెలలో వస్తుందో సర్కారుకు ఏటా చివరి నిమిషంలోనే తెలుస్తుంది. కొన్నిచోట్ల ఆడవాళ్ళు ఆ పాలిస్టర్ చీరలను రోడ్డు మీద పోసి తగలబెట్టారు.

2017 అక్టోబరు 22. నెల తిరగ్గానే. వరంగల్ పక్కన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు ఏమన్నారు? సూరత్, భీవండి, షోలాపూర్ పోయిన మన నేతన్నలను వెనక్కి తెస్తామన్నారు. అందరూ వాపసు రావాలన్నారు. జనం ఈలలేశారు.

సెప్టెంబరులో సూరత్ నుంచి చీరలు కొన్నారు. అక్టోబరులో సూరత్ నుంచి మనుషులను తెస్తామన్నారు. చీరలు వచ్చాయి. మనుషులు?

పోనీ వరంగల్‌లో అంతకుముందు మిల్లు లేదా? ఉంది. ఆజంజాహి మిల్లు. 1934లో నిజాం కట్టించాడు. తరాలకు తరాలు దాని సైరను విని అన్నం వండుకున్నాయి. నడపలేక మూసేశారు. భూమిని ప్లాట్లు చేసి అమ్మారు. నడిపించడానికి తెలివి చాలలేదు కానీ గజాలు కొలవడానికి సరిపోయింది. ఉన్న మిల్లు ప్లాట్లయ్యాక, రైతుల చేలు తీసుకుని కొత్త పార్కుకు కొబ్బరికాయ కొట్టారు. ఉన్న ఇల్లు కూలగొట్టి గృహప్రవేశానికి ముహూర్తం అడిగినట్టు.

ఢిల్లీ ఏమైనా తక్కువ తిందా? 2023లో ప్రధాని పేరు మీద ఏడు మెగా టెక్స్‌టైల్ పార్కులు ప్రకటించింది. ఒకటి వరంగల్‌కు. మనవాళ్ళు పూలదండలు వేసుకున్నారు. ఇంకొకటి ఎక్కడికి ఇచ్చిందో చూశారా? నవ్‌సారీకి. అంటే సూరత్ ప్రహరీగోడ పక్కకు. పరుగుపందెంలో ఇద్దరికీ సమానంగా ఒక్కో జత బూట్లు ఇచ్చారు. ఒకడు బయల్దేరే గీత దగ్గరున్నాడు. ఇంకొకడు రిబ్బను పక్కనే నిలబడి ఉన్నాడు.

2023 డిసెంబరులో హైదరాబాద్‌లో సర్కారు మారింది. పాత సర్కారు చీర ఆగింది. సిరిసిల్లలో సాంచెలు ఆగాయి. బకాయిల కోసం ధర్నాలు, ఉరితాళ్ళు. తర్వాత చీర మళ్ళీ వచ్చింది, ఇందిరమ్మ పేరుతో. చీర అదే. పేరు వేరు. సాంచె నడిస్తే చీర, చీర పంచితే ఓటు, ఓటు పడితే సాంచె ఆగుతుంది. సూత్రం ఇంత తేలిక.

ఆంధ్రా మిత్రులు నవ్వుకుంటున్నారేమో. ఆగండి, మీకూ ఉంది. సూరత్ మునిసిపాలిటీ ఏడు భాషల్లో ప్రాథమిక బడులు నడుపుతుంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు. ఏడోది? తెలుగు. అవును, గుజరాతీ మునిసిపాలిటీ, గుజరాతీ పన్నుల డబ్బుతో, కూలీ పిల్లలకు తెలుగులో అ ఆ ఇ ఈ నేర్పుతోంది. అదే సమయంలో అమరావతిలో ఏం చేశారు? 2019 నవంబరులో సర్కారు బడుల్లో తెలుగు మాధ్యమం ఎత్తేస్తూ జీవో 81 తెచ్చారు. హైకోర్టు 2020 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. తెలుగు గడ్డ మీద తెలుగు బడికి కోర్టు కాపలా. తపతి గట్టున, సూరత్‌లో అది మునిసిపాలిటీ మామూలు డ్యూటీ. సిగ్గు పడాలంటే ఏ దిక్కుకు తిరిగి పడాలో చెప్పండి.

ఇప్పుడా బడుల్లోనూ పిల్లలను ఇంగ్లీషు వైపు తోలుతున్నారు తల్లిదండ్రులు. తప్పు వాళ్ళదా? తెలుగు చదివితే సాంచె, ఇంగ్లీషు చదివితే ఫ్రిస్కో అని మనమే కదా నలభై ఏళ్ళుగా రంగుల్లో అచ్చేస్తున్నాం?

చట్టాలకు మాత్రం కరువు లేదు. 1979లోనే రాష్ట్రాల మధ్య వలస కార్మికుల చట్టం వచ్చింది. స్థానభ్రంశ భత్యమట. రాకపోకల భత్యమట. కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి ఇవి ఇవ్వాలన్నారు. మన నేతగాణ్ణి తెచ్చింది ఎవరు? కాంట్రాక్టరు కాదు, మేనమామ. మేనమామ ఆ చట్టంలో లేడు. కనుక నేతగాడూ లేకపోయాడు. ఆ చట్టాన్నీ మిగతావాటినీ మూటగట్టిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సాంచెల షెడ్డులో వెళ్ళి ఆ నాలుగూ గట్టిగా చదివి వినిపించండి. వినబడితే నన్నడగండి.

మన మంత్రులకు డాలస్ దారి కొట్టిన పిండి. అక్కడి తెలుగు సంఘాలు తానా అంటే తానా, ఆటా అంటే ఆటా. పట్టుచీర కట్టిన పిల్లలు కూచిపూడి ఆడతారు, మంత్రిగారు 'మాతృభూమికి రండి, పెట్టుబడి పెట్టండి' అంటారు. ఆ పట్టుచీర కాకుండా ఇళ్ళలో రోజూ కట్టుకునే చీరలు నేసినవాణ్ణి కూడా 'మాతృభూమికి రండి' అన్నారు, 2017లో. తేడా ఒక్కటే. డాలసువాడికి బిజినెస్ క్లాసు టిక్కెట్టు పంపిస్తారు. సూరత్‌వాడికి ఉపన్యాసం పంపిస్తారు.

రేపు లెక్కలవాడు వస్తాడు. 2027 జనగణన. సలాబత్‌పురా గదిలో తలుపు తడతాడు. పగటి షిఫ్టువాడు పనిలో ఉంటాడు, రాత్రి షిఫ్టువాడు నిద్రలో ఉంటాడు. మాతృభాష గడిలో ఏం రాసుకుంటాడో, ఊరు గడిలో ఏం రాసుకుంటాడో. ఆ ఫారంలో మీటరుకు ఎంత అనే గడి మాత్రం లేదు.

చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రోజూ వరంగల్‌లో ఆగుతుంది. సూరత్‌లోనూ ఆగుతుంది. జనరల్ బోగీలుంటాయి. సంచీ భుజానేసుకుని ఇవాళ కూడా ఎవడో ఎక్కుతాడు. మంత్రిగారికి తీరికుంటే ఒకసారి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడమనండి.